తిమ్మిర్లన్నీ షుగర్‌వేనా?

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ... ఏ ఊళ్లో డాక్టరు దగ్గర కూర్చున్నా “అరికాళ్లు మంటలండీ, తిమ్మిర్లండీ” అనే మాట వినబడుతుంది. చాలామందిలో కారణం షుగరే. కొందరిలో బి12 లోపం, మద్యం, కుష్ఠునూ మరిచిపోకూడదు. ఇవేవీ తేలకపోయినా, షుగర్ అదుపులో ఉండి కూడా తిమ్మిర్లు పైకి పాకుతున్నా, రక్తంలో అసాధారణమైన యాంటీబాడీ ఏదైనా ఉందేమో చూడాలి.

2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌కు కేసులు వచ్చినప్పుడు గులియన్-బారీ సిండ్రోమ్ గురించి జనం భయంభయంగా మాట్లాడుకున్నారు. అందులోనూ నరాల మీద పడేది మన రోగనిరోధక వ్యవస్థే. కాకపోతే అది రోజుల్లో ముదిరి, నాలుగు వారాల్లోపే తారస్థాయికి చేరుతుంది. ఈ యాంటీబాడీ వల్ల వచ్చే నరాల జబ్బు సాధారణంగా నెలలు, ఏళ్ల తరబడి సాగుతుంది.

ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలు రకరకాల యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒక్కోసారి ఒకే కణం సంతతి పెరిగిపోయి ఒకే రకం యాంటీబాడీని అదేపనిగా వదులుతుంది. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ గ్రాఫులో అది వరిచేలో ఒంటి తాటిచెట్టులా నిటారుగా లేస్తుంది. దాన్నే ఎం-స్పైక్ అంటారు. కొద్దిపాటిదైతే ఈ పరీక్షకు చిక్కకపోవచ్చు. అందుకే ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్ పరీక్షలు కూడా రాస్తారు. మామూలుగా చేయించే సీబీసీ, షుగర్ పరీక్షలు దీన్ని పట్టుకోలేవు.

దొరికింది కదా అని నేరం దానిమీదే మోపకూడదు. అమెరికాలోని మిన్నెసోటాలో మేయో క్లినిక్ వైద్యులు చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. 50 ఏళ్లు నిండినవారిలో 3.2 శాతం మందికి రక్తంలో ఇలాంటి యాంటీబాడీ ప్రొటీన్ ఉన్నట్టు అందులో తేలింది. వారిలో ఎక్కువమందికి దానివల్ల ఏ బాధా ఉండదు. అంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న మనిషిలో ఈ ప్రొటీన్ కాకతాళీయంగా కనబడవచ్చు. రెండింటికీ లంకె ఉందో లేదో తేల్చడమే అసలు రోగనిర్ధారణ.

ఆ లంకె చాలావరకు మనిషి నడకలోనే దొరుకుతుంది. ఐజీఎం రకం యాంటీబాడీతో నరాలు దెబ్బతిన్నవారిలో సుమారు సగం మందికి, అది నరం పైపొర మైలిన్‌లోని ‘మ్యాగ్’ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. చీకట్లో పొలం గట్టు మీద అడుగు తడబడుతుంది. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే ఒళ్లు తూలుతుంది. చేతులు వణకవచ్చు. బలం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. నర్వ్ కండక్షన్ పరీక్షలో విద్యుత్ సంకేతం నెమ్మదిస్తుంది, అదీ వేళ్ల వైపు చివర్లలో మరీ ఎక్కువగా. షుగర్‌లో సాధారణంగా నరం లోపలి తంతువే ముందు దెబ్బతింటుంది. నడక, కండక్షన్, యాంటీ-మ్యాగ్ పరీక్ష మూడూ ఒకే మాట చెబితే లంకె కుదిరినట్టే.

ఈ ప్రొటీన్ ఉన్నవారిలో కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు. కాళ్లవాపు, చర్మం నల్లబడటం, కాలేయమో ప్లీహమో పెరగడం, త్వరత్వరగా బలం తగ్గడం ఉంటే పోయెమ్స్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. లేవగానే కళ్లు తిరగడం, బరువు తగ్గడం, గుండె ఇబ్బంది ఉంటే అమిలాయిడోసిస్. వీటికి మూలుగ పరీక్ష, హెమటాలజిస్టు సలహా కావాలి.

ఎలక్ట్రోఫోరెసిస్‌కు కావలసింది కాస్త రక్తమే. ఊళ్లో తీసి పెద్ద ల్యాబ్‌కు పంపవచ్చు. కాబట్టి కారణం తేలని తిమ్మిర్లకు బలం ఇంజెక్షన్లతో ఏడాది గడపకండి. “ఈ పరీక్ష అవసరమా డాక్టరు గారూ?” అని అడగండి. ప్రొటీన్ బయటపడినా అందరికీ మందులు అక్కర్లేదు. నడక చెడుతోందా, బలం తగ్గుతోందా అన్నదాన్ని బట్టే చికిత్స.