డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు రాచబాటపై, భీమడోలుకు చేరువలో గుండుగొలను అను గ్రామము కలదు. దానికి దక్షిణమున కొల్లేరు. ఊరి పేరులోనే కొలను ఉన్నది. ఆ గ్రామమున 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన, కలిమి లేని కుటుంబములో పట్టాభి సీతారామయ్యగారు జన్మించిరి. ఏలూరులో బడిచదువు ముగించి, బందరు నోబిలు కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి పట్టభద్రులైరి. పిమ్మట వైద్యవిద్య నేర్చి మచిలీపట్టణమున వైద్యులుగా స్థిరపడిరి. సుమారు పదేండ్లు సాగిన ఆ వృత్తిని 1916లో విడిచిపెట్టి దేశసేవకు పూనుకొనిరి.

దేశసేవ యనగా సభలు, ఊరేగింపులు, చెరసాలలు మనకు గుర్తునకు వచ్చును. అవియు ఆయన జీవితమున కలవు. అయినను ఆయన కృషిలో ఎక్కువ భాగము సంస్థలను నిలబెట్టుటలో గడచినది. స్వరాజ్యము వచ్చిననాడు దానిని నడుపుకొనుటకు మనకు మన బడి, మన పత్రిక, మన బ్యాంకు ఉండవలెనని ఆయన తలంపు. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతోపాటు ఆయనయు అండగా నిలిచిరి. 1919లో ‘జన్మభూమి’ అను ఆంగ్ల వారపత్రికను స్థాపించిరి.

బ్యాంకు సంగతి కొంచెము వివరముగా తెలిసికొనదగినది. గోదావరిపై ధవళేశ్వరము వద్దను, కృష్ణపై బెజవాడ వద్దను ఆనకట్టలు కట్టిన పిదప ఈ డెల్టాలలో వరి విరివిగా పండసాగెను. కాని పంట సొమ్ము రైతు చేతికి కోతల తరువాతనే వచ్చును. విత్తనములకు, ఎడ్లకు, కూలికి సొమ్ము అంతకు ఎన్నో నెలల ముందే కావలెను. ఆ నడుమకాలమున చిన్నరైతు వడ్డీ వ్యాపారి గుమ్మము తొక్కక తప్పెడిది కాదు. మరియొక వంక, ధాన్యమమ్మి నాలుగు డబ్బులు మిగిల్చుకొన్నవాని సొమ్ము పెట్టెలో ఊరక పడియుండెడిది. ఒకని మిగులును వేరొకని యక్కరకు చేర్చు సాధనమే బ్యాంకు. ఆనాటి పెద్ద బ్యాంకుల చూపు ముఖ్యముగా నగరముల వ్యాపారముపైననే యుండెను. కావున పట్టాభిగారు ఒక లక్ష రూపాయల మూలధనముతో 1923 నవంబరులో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును ప్రారంభించిరి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. నాడి చూచిన చేతులు జమాఖర్చులు చూచుట వింతగా తోచవచ్చును. ఊరి రోగములలో అప్పు కూడ ఒకటియే గదా! ఆ బ్యాంకు దేశమంతట వ్యాపించి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

రచయితగా ఆయనకు కీర్తి తెచ్చినది ఆంగ్లమున వ్రాసిన కాంగ్రెసు చరిత్ర. కాంగ్రెసునకు ఏబదియేండ్లు నిండిన 1935లో మొదటి సంపుటము వెలువడెను. 1942లో క్విట్ ఇండియా తీర్మానము వెంబడినే నిర్బంధింపబడి అహమ్మదునగరు కోటలో నెహ్రూ, ఆజాదు ప్రభృతులతో కూడ ఉండినపుడును ఆయన కలము ఆగలేదు.

ఇంతకంటె లోతైన పట్టుదల ఆయనకు భాషారాష్ట్రముల విషయమున నుండెను. ఆనాటి మద్రాసు రాజధానిలో తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము మాటలాడువారు ఒకే పాలన క్రింద నుండిరి. ప్రజలకు తెలిసిన భాషలో పాలన సాగనిచో ప్రజాపాలన మాట వట్టిదగునని ఆయన వాదము. దేశము ముక్కలగునని కొందరు భయపడిరి. 1917 కలకత్తా కాంగ్రెసులో అధ్యక్షురాలు అనీబిసెంటమ్మ ఈ కోరికను గట్టిగా వ్యతిరేకించిరి. లోకమాన్య తిలకు సమర్థించిరి. తుదకు ఆంధ్రులకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ లభించెను. 1920లో నాగపురమున జరిగిన సభలో కాంగ్రెసు తన శాఖలన్నిటిని భాషలననుసరించి ఏర్పరుప నిశ్చయించెను.

1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి పోటీచేసి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిరి. పట్టాభి ఓటమి తన ఓటమియే యని గాంధీజీ ప్రకటించుట సుప్రసిద్ధము. స్వాతంత్ర్యానంతరము 1948లో పురుషోత్తమదాసు టాండనుపై గెలిచి, జయపురము కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

అచటనే ఆయనకు కఠినపరీక్ష ఎదురయ్యెను. భాషారాష్ట్రముల విషయమును విచారించుటకు జవాహర్‌లాల్, వల్లభాయి పటేలు, పట్టాభి ముగ్గురితో ఒక సంఘమును కాంగ్రెసు నియమించెను. దేశవిభజన గాయములు ఇంకను ఆరలేదు. 1949లో వెలువడిన నివేదిక, భాషారాష్ట్రములను అప్పటికి వాయిదా వేయుట మేలని చెప్పెను. ఆంధ్రకు మాత్రము ఒక త్రోవ విడిచెను: ఆంధ్రులు మద్రాసు నగరముపై కోరికను వదలుకొన్నచో వారి రాష్ట్రమును ముందుగా ఏర్పరుపవచ్చును. ముప్పది యేండ్లకు పైగా తాను కోరిన దానికి ఇట్టి షరతు గల పత్రముపై తానే సంతకము చేయవలసి వచ్చెను. తెలుగువారిలో అనేకులకు అది మింగుడుపడలేదు. దేశము నిలదొక్కుకొనుటకు అది అవసరమని కొందరందురు, చేతికి వచ్చినదానిని జారవిడిచిరని కొందరందురు. ఆయన స్థానమున కూర్చుండి చూచిన గాని ఆ బరువు తెలియదు.

మద్రాసు తగవు తెగకయే మూడేండ్లు గడచెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న, మద్రాసు నగరము లేకుండనే, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆనాటికి పట్టాభిగారు మధ్యప్రదేశ్ గవర్నరు పదవిలో, భాషల ప్రకారము కాంగ్రెసును విభజింప నిశ్చయించిన ఆ నాగపురముననే యుండిరి. 1957 వరకు ఆ పదవిని నిర్వహించి, 1959 డిసెంబరు 17న దివంగతులైరి.