ముద్ర రోలరు చెక్కించుటకు ముందు: గుండ్రని తలముపై అక్షరముల లెక్క

తాను చివర సంఘము ముద్ర వేయుట మనకు పాత అలవాటే. చదునైన చెక్క అచ్చుతోనో, రబ్బరు ముద్రతోనో ఆ పని జరిగిపోవును. అయితే తానును మీటర్ల లెక్కన కోసి అమ్మినప్పుడు ఆ ముద్ర ఒక్క ముక్కతోనే పోవును. మిగిలిన బట్ట చేతిమగ్గముదో, మరమగ్గముదో చెప్పుటకు దానిపై సాక్షి యుండదు. సేలములో నేసినను, బరంపురములో నేసినను ఈ బాధ ఒక్కటే. కావున అంచు వెంట తాను పొడుగునా సంఘము పేరును, ఒక చిన్న పువ్వును వరుసగా అచ్చువేయు రోలరు చెక్కించుకొనవలెనను ఆలోచన మంచిదే.

నేడు ఈ పని కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. క్యాడ్ అను విధానమున వస్తువును పొడవు, వెడల్పు, ఎత్తులతో గీయుదురు. ఆ గీతనుబట్టి సి.ఎన్.సి. యంత్రము చెక్కను గాని, ఇత్తడిని గాని చెక్కును. యంత్రము చెప్పిన కొలతను తప్పక చేయును. కొలతయే తప్పుగా చెప్పినచో ఆ తప్పును కూడ అంతే ఖచ్చితముగా చేయును. అప్పుడు డబ్బును, లోహమును రెండును నష్టమే. కనుక దుకాణమునకు పోవుటకు ముందే మన సంఘములవారు కొన్ని లెక్కలు తెలిసికొనుట అవసరము.

మొదలు తోకను కలియవలెను

చదునైన అచ్చు తన ప్రక్కన పడు అచ్చుతో కలిసిన చాలును. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారు ఈ కలయికనే చూచుకొందురు. రోలరు సంగతి వేరు. దానిపైనున్న బొమ్మ ఒక చుట్టు తిరిగి వచ్చి తన తోకను తానే కలిసికొనవలెను.

60 మిల్లీమీటర్ల వ్యాసము గల రోలరును తీసికొందము. దాని చుట్టుకొలత 188.5 మి.మీ. మనము గీసిన పువ్వు, పేరు కలిసి 30 మి.మీ. అనుకొందము. అట్టివి ఆరు పెట్టిన 180 మి.మీ. అగును. మిగిలిన 8.5 మి.మీ. ఖాళీ ప్రతి చుట్టునకు ఒకసారి బట్టపై కనబడును. దీనికి రెండు మార్గములున్నవి. బొమ్మను 31.4 మి.మీ.కు సాగదీయవచ్చును, లేదా రోలరు వ్యాసమును 57.3 మి.మీ.కు తగ్గించవచ్చును. ఏదైనను చెక్కుటకు ముందే నిర్ణయించుకొనవలెను.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. పడుగును దోనెకు చుట్టుచున్నకొలది దోనె లావెక్కును, ఒక్కొక్క చుట్టునకు పట్టు నూలు పెరుగును. ఇది మనకు తెలిసినదే. రోలరుపై అక్షరములు 3 మి.మీ. పైకి లేచియున్నచో బట్టను తాకునది రోలరు కాదు, అక్షరముల ముఖము. అక్కడ వ్యాసము 66 మి.మీ., చుట్టుకొలత 207.3 మి.మీ. అనగా అడుగు కొలతనుబట్టి వేసిన లెక్కకు, బట్టపై పడు అచ్చునకు దాదాపు 19 మి.మీ. తేడా వచ్చును. అందుచేత కొలత ఎల్లప్పుడును సిరా అంటు ముఖము దగ్గరనే తీసికొనవలెను.

ఈ సమస్య కొత్తది కాదు. 1783లో స్కాట్లండు దేశీయుడు థామస్ బెల్ రాగి రోలర్లతో బట్టపై అచ్చువేయు పద్ధతికి పేటెంటు పొందినాడు. ఆ తరువాతి కాలమున చిన్న ఉక్కు రోలరుపై బొమ్మ చెక్కి, దానినుండి ఉబ్బెత్తు అచ్చు తీసి, దానిని రాగి రోలరుపై ఒత్తెడివారు. చిన్నదాని చుట్టుకొలత పెద్దదాని చుట్టుకొలతలో శేషము లేకుండ ఇమిడియుండునట్లు చూచుకొనెడివారు. నేటి మిల్లులలో గుండ్రని స్క్రీనుల చుట్టుకొలత సామాన్యముగా 64 సెంటీమీటర్లు. అక్కడి డిజైను 64, 32, 16 ఇట్లు సరిగా భాగింపబడు కొలతలలోనే ఉండును. యంత్రము మారినను లెక్క మారలేదు.

చుట్టుట వేరు, వాల్చుట వేరు

చదునుగా గీసిన బొమ్మను గుండ్రని తలముపైకి చేర్చుటకు క్యాడులో రెండు విధములున్నవి. ఒకటి, కాగితమును రోలరుకు చుట్టినట్లు చుట్టుట. రెండవది, పైనుండి దీపము వెలుగు పడినట్లు బొమ్మ నీడను తలముపై వాల్చుట. చూచుటకు మధ్యభాగమున రెండును ఒక్కటిగనే కనబడును. ప్రక్కలకు పోయినకొలది తేడా తెలియును.

అదే 60 మి.మీ. రోలరుపై నడిమి నుండి 15 మి.మీ. దూరములోనున్న గీత నీడగా వాలినప్పుడు 15.7 మి.మీ. దూరమున పడును. 26 మి.మీ. దూరములోనున్న గీత 31.5 మి.మీ.కు పోవును. ఆ చివరనున్న అక్షరము దాదాపు రెండింతలు వెడల్పుగా సాగును. కాబట్టి చుట్టూ తిరుగు బొమ్మకు చుట్టు పద్ధతియే తగినది. సాలిడ్‌వర్క్స్ అను సాఫ్టువేరులో దీనికి ర్యాప్ అను ఆజ్ఞ కలదు. అందులో ఎంబాస్ అన్నచో అక్షరము ఉబ్బెత్తుగా లేచును, డీబాస్ అన్నచో లోతుగా దిగును, స్క్రైబ్ అన్నచో గీత మాత్రమే పడును. అచ్చు రోలరుకు ఎంబాస్ అని అడుగవలెను.

అన్ని వంపులును ఒక్కటి కావు. దోనెవంటి తలము విప్పినచో చదునగును. ఒకవైపు సన్నగిల్లు కండెవంటిది కూడ విప్పవచ్చును గాని, దానిపై తిన్నగా కనబడవలసిన వరుసను చదును కాగితముపై విల్లువలె వంచి గీయవలెను. నాడె మొనవంటి అన్నివైపుల వంగిన తలము మాత్రము ఎంత చేసినను చదును కాదు. బంతికి కాగితము అంటించినచో ముడుత పడక తప్పదు. 1827లో జర్మనీ గణితవేత్త గౌస్ చూపిన సిద్ధాంతమునుబట్టియు ఇది తేలుచున్నది. కావున నాడెపై పేరు చెక్కించుకొనువారు మొన విడిచి చదునైన భాగమునే ఎన్నుకొనవలెను. అదియును లోతుగా దిగినదై, అంచులు బాగుగా నునుపు చేసినదై యుండవలెను. లేనిచో పడుగు పోగులు తగిలి తెగును.

తెలుగు అక్షరమునకు రావలసిన కష్టములు

మన లిపి గుండ్రనిది, ఒత్తులు, గుణింతపు గుర్తులు గలది. కొన్ని క్యాడ్ సాఫ్టువేరులలో తెలుగు టైపు చేసినచో ఒత్తు ప్రక్కకు జరుగును, గుణింతము విడిపోవును. అందుచేత ఇంక్‌స్కేప్ వంటి సాఫ్టువేరులో పేరు వ్రాసి, అక్షరములను గీతలుగా మార్చి, ఆ గీతలనే దుకాణమునకు పంపవలెను. అప్పుడు అవతలి కంప్యూటరులో తెలుగు ఫాంటు లేకున్నను చెడదు.

ఉలి సన్నదనమును కూడ అడుగవలెను. 1 మి.మీ. లావు గల ఉలి అంతకన్న సన్నని సందులో దూరలేదు. ఆ సందు పూడిపోయినట్లే మిగులును. ద, ధ అక్షరములకును, ప, ఫ అక్షరములకును తేడా ఒక చిన్న గీతయే. ఆ గీత చుట్టునున్న సందు పూడినచో ధర్మవరము కాస్త దర్మవరమగును. అక్షరము పెద్దది చేయుటయో, సన్న ఉలి వాడుటయో చేయవలెను. ఇక అచ్చువేయు రోలరుపై అక్షరములు అద్దములో కనబడినట్లు తిరగబడియుండవలెను. ఊరక చదువుకొనుటకు దోనె కొసన చెక్కు పేరు తిరగబడరాదు. ఈ రెంటిని దుకాణమువారికి స్పష్టముగా వ్రాసి యిచ్చుట మేలు.

ఖర్చులేని పరీక్ష

చెక్కుటకు ముందు బొమ్మను అసలు కొలతలో కాగితముపై అచ్చు తీయించి, రోలరు ముఖమంత వ్యాసము గల గొట్టమునకు చుట్టి చూడవలెను. మొదలును తోకయు సరిగా కలిసినచో లెక్క సరియే. కలియనిచో పోయినది ఒక్క కాగితము మాత్రమే.

మరియొక మాట. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కును, 2015లో వచ్చిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండు గుర్తును నమోదు పొందినవారే నియమముల ప్రకారము వాడుకొనవలెను. వాటిని చూచి మన రోలరుపై చెక్కించరాదు. సంఘము సొంత పేరు, సొంత గుర్తు చాలును. ఆ పేరు తప్పులేకుండ, ప్రతి మీటరుపైనను స్పష్టముగా పడినచో, ఎంత చిన్న ముక్క కోసి అమ్మినను అది ఎవరి మగ్గమునుండి వచ్చినదో కొన్నవారికి తెలియును. సంఘములవారు ఈ లెక్కలను తమ సభ్యులకు, ముఖ్యముగా కంప్యూటరు నేర్చిన మన పిల్లలకు చదివి వినిపింతురుగాక.