రక్తంలోని సంతృప్త కొవ్వు ఆమ్లాలు – జీవక్రియా ఆరోగ్యం

ఉపోద్ఘాతం:
నెయ్యి, వెన్న, పామాయిల్, కొబ్బరినూనెలలోని కొవ్వును ‘సంతృప్త కొవ్వు’ అనే ఒకే పేరుతో వ్యవహరించడం పరిపాటి. అయితే ఆ పేరు కింద అనేక ఆమ్లాలు ఉన్నాయి. కొవ్వు ఆమ్లం కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో కర్బనాల మధ్య ద్విబంధాలు లేనివి సంతృప్త ఆమ్లాలు. గొలుసులోని కర్బనాల సంఖ్యను బట్టి మధుమేహంతో వాటి సంబంధం మారుతున్నది.

మూడు వర్గాలు:
ఐరోపాలోని 8 దేశాలలో జరిగిన ఎపిక్-ఇంటరాక్ట్ పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చిన 12,403 మంది రక్త నమూనాలను ఇందులో ఇతరుల నమూనాలతో పోల్చి చూశారు. 14, 16, 18 కర్బనాలు గల మిరిస్టిక్, పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో మధుమేహం ఎక్కువగా కనిపించింది. 15, 17 కర్బనాలు గల బేసిసంఖ్య ఆమ్లాలు ఎక్కువగా ఉన్నవారిలో తక్కువగా కనిపించింది. 20 నుండి 24 కర్బనాల దీర్ఘ గొలుసు ఆమ్లాల విషయంలోనూ సంబంధం ఇలాగే ఉంది. వేరుశనగ నూనెలో ఈ మూడవ వర్గపు ఆమ్లాలు కొద్ది మోతాదులో లభిస్తాయి.

ఆహారం – రక్తం:
రక్తంలోని కొవ్వు తిన్న కొవ్వుకు అచ్చమైన ప్రతిబింబం కాదు. అవసరానికి మించి తీసుకున్న పిండిపదార్థాలను, చక్కెరను కాలేయం ప్రధానంగా పామిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇది కండరాలలో, కాలేయంలో పేరుకుపోయినప్పుడు దాని నుండి సెరమైడ్ల వంటి పదార్థాలు ఏర్పడి, ఇన్సులిన్ సంకేతాలకు ఆటంకం కలిగిస్తాయి. బేసిసంఖ్య ఆమ్లాలు పాల కొవ్వు నుండి కొంత లభిస్తాయి, శరీరంలో కొంత తయారవుతాయి.

పరిమితులు:
ఇవి సహసంబంధాలే గాని కార్యకారణ నిరూపణలు కావు. బేసిసంఖ్య ఆమ్లాలు స్వయంగా రక్షణ కల్పిస్తున్నాయో, లేక పాల వాడకానికి గుర్తులుగా మాత్రమే ఉన్నాయో ఈ ఫలితాలు తేల్చలేవు. నేతిలో వాటి వాటా ఒకటి రెండు శాతమే. పామిటిక్ ఆమ్లం మాత్రం సుమారు నాలుగో వంతు ఉంటుంది. అది చెడు కొలెస్టరాల్‌ను కూడా పెంచుతుంది. కనుక నెయ్యిని మితం లేకుండా వాడవచ్చునని దీని అర్థం కాదు.

ముగింపు:
నూనె, నెయ్యి తగ్గించి, ఆ లోటును పాలిష్ బియ్యపు అన్నంతో, తీపి పదార్థాలతో పూడ్చుకుంటే రక్తంలోని పామిటిక్ ఆమ్లం తగ్గుతుందన్న హామీ లేదు. జీవక్రియా ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి కొవ్వు ఎంత తిన్నామన్నది ఒక్కటే చాలదు. అది ఏ రకం కొవ్వు, దానికి తోడుగా ఏమి తింటున్నాము అన్నవి కూడా పరిగణించాలి.