కలకత్తాలో మూలపడిన మూడు డబ్బాలు

1939 వేసవిలో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు, అతని జర్మన్ సహోద్యోగి కలిసి బెర్లిన్ నుంచి హిందూదేశానికి కారులో బయల్దేరదామనుకున్నారు. బండి సిద్ధమయ్యాక గాని వాళ్ళకు ఒక సంగతి తట్టలేదు. దారిలో ఎక్కడైనా చిక్కుకుపోతే తాగడానికి నీళ్ళు కావాలి, వాటిని పోసుకోవడానికి ఏమీ లేదు. టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో సైన్యం పోగేసి ఉంచిన రేకు డబ్బాల గురించి ఆ జర్మన్‌కు తెలుసు. వెళ్ళి మూడు పట్టుకొచ్చాడు.

పదకొండు దేశాల సరిహద్దులు దాటాక జర్మన్ వాయుసేన అధిపతి గోరింగ్ విమానం పంపించి ఆ జర్మన్‌ను వెనక్కి రప్పించుకున్నాడని కథనం. పోతూ పోతూ అతను ఆ డబ్బా తయారీ వివరాలన్నీ ప్లైస్‌కు చెప్పి పోయాడు. ప్లైస్ ఒంటరిగా కలకత్తా చేరి, కారును అక్కడే ఒకచోట భద్రపరిచి, ఫిలడెల్ఫియాకు వెళ్ళిపోయాడు. ఈలోగా యూరప్‌లో యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం మరి కొన్నేళ్ళకు కోట్ల సంఖ్యలో వాడబోయే వస్తువుకు నమూనాలు మూడూ కలకత్తాలో కారుతోపాటే పడి ఉన్నాయి.

అక్కడికి పడమరగా నూరు కిలోమీటర్లు దాటితే ఖరగ్‌పూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఎర్ర మొరం నేల మీద కట్టుకున్న ఊరది. హౌరా నుంచి మద్రాసు వైపు, నాగపూర్ వైపు లైన్లు విడిపోయే చోటు. వర్క్‌షాపులోకి, లోకో షెడ్లలోకి, క్వార్టర్లలోకి శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి మనవాళ్ళు తరలివచ్చారు. మథురాకాటి, నిమ్‌పురా వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. ఆ రైలెక్కిన కుటుంబాల చేతుల్లో ఉండే నీటిపాత్ర మరచెంబు. ఇత్తడి చెంబుకు మర తిరిగే మూత, పైన పట్టుకోవడానికి పిడి. పక్కకు ఒరిగినా చుక్క కారదు. ఇంట్లో బిందె, దాహానికి మట్టి కూజా, ప్రయాణానికి మరచెంబు. ఇంజను డ్యూటీ మీద పోయేవాళ్ళకు కాన్వాసు సంచి ఉండేది. గుడ్డలోంచి నీరు ఊరుతూ, గాలికి ఆరుతూ, లోపలి నీటిని చల్లబరుస్తుంది.

ఆ చల్లదనానికి లెక్క తేలికే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని మిగిలిన నీటినుంచే లాక్కుంటుంది. లీటరు నీటిలో 10 గ్రాములు ఆవిరైతే మిగతాది ఆరు డిగ్రీల దాకా చల్లబడవచ్చు. బయటి గాలి వేడి కొంత తిరిగి చేరుతుంది కనుక అంతా దక్కదు. ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్ ఎండగాడ్పుకు కూజా బాగా పనిచేస్తుంది. జూలై ముసురులో గాలి నిండా తేమే ఉంటుంది. అప్పుడు కూజా ఉత్త కుండే.

ఇక ఆ జర్మన్ డబ్బా. దాన్ని 1937లో రూపొందించినవాడు విన్‌ట్సెన్స్ గ్రూన్‌ఫోగెల్, ష్వెల్మ్ పట్టణంలోని ముల్లర్ అనే సంస్థలో ఇంజనీరు. చూడటానికి మోటుగా ఉంటుంది గాని అందులో దండగ గీత ఒక్కటీ లేదు. రేకును రెండు సగాలుగా అచ్చుకొట్టి, అంచులు కలిపి వెల్డింగ్ చేశారు. అతుకును లోపలికి నొక్కి ఉంచారు కాబట్టి విసిరేసినా దెబ్బ దానికి తగలదు. పక్కల మీద కనిపించే ఇంటూ గుర్తు అలంకారం కాదు. అది రేకుకు బిగువునిస్తుంది, లోపలి ద్రవం ఎండకు ఉబ్బినప్పుడు సాగే వీలునూ ఇస్తుంది. పైన గాలికి కాస్త చోటు మిగుల్చుతుంది కనుక పెట్రోలు నింపిన డబ్బా నీళ్ళలో పడినా తేలుతుంది.

పిడులు మూడు. నిండు డబ్బాను ఒక్కడు మోస్తే నడిమి పిడి, ఇద్దరు పంచుకుంటే చెరో పక్క పిడి. ఖాళీవైతే రెండు డబ్బాల పక్క పిడులు జతచేసి ఒక చేత్తో రెండు చొప్పున, రెండు చేతులా నాలుగు తీసుకుపోవచ్చు. వరసగా నిలబడి చేతులు మార్చుకునేటప్పుడు ఒకడు ఒక పిడి వదలకముందే రెండోవాడు ఇంకో పిడి అందుకుంటాడు. మూతకు మరలేదు. మీటతో బిగిసే మూత అది, వేలితో లేపితే చాలు. మూతి లోపల ఒక సన్నని గొట్టం ఉంటుంది. సీసా తలకిందులు చేస్తే బుడబుడమని ఆగాగి పడుతుందే, దానికి కారణం పోయే నీరూ లోపలికి రావలసిన గాలీ ఒకే దారిలో తగువులాడుకోవడం. గాలికి వేరే గొట్టం ఇస్తే ధార ఎక్కడా తెగదు. గరాటా అక్కర్లేదు.

ప్లైస్ చెప్పగా విన్న అమెరికా అధికారులు నమూనా చూపించమన్నారు. చివరికి కారును కలకత్తా నుంచి చుట్టుదారిన న్యూయార్క్ రప్పించేసరికి 1940 వేసవి వచ్చింది. డబ్బాలు మూడూ చెక్కుచెదరలేదు. చూసి కూడా పెద్దలు మొదటి యుద్ధకాలం నాటి తమ 10 గ్యాలన్ల డబ్బాయే చాలన్నారు. తర్వాత మేరీల్యాండ్‌లోని క్యాంప్ హోలబర్డ్‌లో దాన్ని మార్చి గీశారు. కొలత, ఆకారం, పిడులు ఉంచి, వెల్డింగ్ బదులు మడత అతుకు పెట్టారు. మూత తీయడానికి రెంచి, పోయడానికి గరాటా కావలసి వచ్చింది. చేతికొచ్చిన మంచి వస్తువును కూడా చెడగొట్టుకోవచ్చని ఇంతకంటే చక్కగా ఎవరూ చూపలేదు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో కారిపోయే పల్చటి 4 గ్యాలన్ల రేకుటిన్నులతో విసిగిన బ్రిటిష్ సైనికులు మాత్రం శత్రువు డబ్బా చిక్కితే వదిలేవారు కాదు. జర్మన్లను వాళ్ళు జెర్రీలనేవారు. డబ్బా జెర్రీక్యాన్ అయింది. తర్వాత బ్రిటన్ దాన్ని ఉన్నదున్నట్టు తయారు చేయించింది. 1945 నాటికి యూరప్‌లో సుమారు రెండు కోట్ల డబ్బాలు తిరుగుతున్నాయి.

ఖరగ్‌పూర్‌కు ఈ కథతో ఇంకో చుట్టరికం ఉంది. 1944లో అమెరికన్ ఇరవయ్యో బాంబర్ కమాండ్ తన కేంద్రాన్ని ఇక్కడే పెట్టింది, అదీ హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931లో నిరాయుధ ఖైదీల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయింది అక్కడే. 1951లో మొదటి ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. కలైకుండా, సలువా, దూధ్‌కుండీ, పియార్డోబా, చాకులియా విమానక్షేత్రాల నుంచి బి-29 విమానాలు లేచేవి. 1944 జూన్ 5న బ్యాంకాక్ మీద జరిగిన తొలిదాడి ఇక్కణ్ణుంచే. అమెరికన్ సైన్యం వెళ్ళిన చోటికల్లా ఇంధనం డబ్బాలు, నీటి డబ్బాలు వెళ్ళాయి. ఆ రెంటినీ ఎవరూ కలిపేవారు కాదు. జర్మన్లు ఎడారిలో నీటి డబ్బా మీద తెల్ల సిలువ గుర్తు వేసేవారు. అమెరికన్ నీటి డబ్బాకు లోపల ఎనామిల్ పూత ఉండేది, మూతి వెడల్పుగా ఉండేది.

రేకు బరువు, తుప్పు భయం పోయింది 1953 తర్వాత. ఆ ఏడు ష్వెల్మ్‌కు దూరం కాని ముల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ ఒక ఉత్ప్రేరకంతో పాలిథిలిన్‌ను మామూలు పీడనం దగ్గరే గట్టిగా, సాఫుగా తయారు చేయగలిగాడు. 1963లో ఆయనకు, జూలియో నాత్తాకు కలిపి నోబెల్ వచ్చింది. కరిగిన ప్లాస్టిక్ గొట్టాన్ని అచ్చులో బిగించి గాలి ఊదితే డబ్బా, పిడి ఒకేసారి వచ్చేస్తాయి. ఇప్పుడు మన ఇళ్ళలోని నీలం క్యాను, వంటనూనె వచ్చే డబ్బా, కిరాణా కొట్లో దొరికే అయిదు లీటర్ల టిన్ను, అన్నీ ఈ ఊదుడు సంతానమే.

ఇంత కథలో నాకు అన్నిటికన్నా విలువైనదనిపించేది కలకత్తా బస్తీల్లో జరిగిన ఒక చిన్న పరిశీలన. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. కలరా రోగి ఉన్న ఇళ్ళను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏమీ ఇవ్వలేదు. రెండో జట్టు నీళ్ళలో క్లోరిన్ వేశారు. మూడో జట్టుకు సొరాయి, అంటే సన్నమెడ మట్టి కూజా ఇచ్చారు. ఏమీ ఇవ్వని ఇళ్ళలో మిగతావాళ్ళకు నూటికి 17 మందికి పైగా అంటుకుంటే, క్లోరిన్ ఇళ్ళలో 7, కూజా ఇళ్ళలో 4 మాత్రమే. మందు లేదు, యంత్రం లేదు. చేయి దూరని మెడ ఒక్కటే పనిచేసింది. తర్వాత మలావీ శరణార్థి శిబిరంలో మూతకు సన్నని గొట్టం ఉన్న బకెట్లతో చేసిన ప్రయోగంలోనూ నీటిలో మలం నుంచి చేరే క్రిములు బాగా తగ్గాయి. నీళ్ళు బావి దగ్గరో కుళాయి దగ్గరో శుభ్రంగా ఉన్నా మన చేతి నుంచో గ్లాసు నుంచో చెడవచ్చు. అందుకే డబ్బా కొనేటప్పుడు పొట్ట ఎంతుందని కాక మూతి ఎలా ఉందని ముందు చూస్తాను.

ఖరగ్‌పూర్‌కు నీళ్ళు దాచుకోవలసి రావడం ఊహల మాట కాదు. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ జిల్లా తీరాన్ని ముంచిన తుపానులో కాంథీ, తమ్‌లూక్ వైపు చెరువుల్లోకి ఉప్పునీరు చొరబడింది. 2020లో అంఫాన్, 2021లో యాస్ వచ్చినప్పుడు కరెంటు పోతే పంపులు ఆగాయి. ఇలాంటి రోజులకు మనిషికి తాగడానికే రోజుకు 3 లీటర్ల దాకా ఉంచుకోవాలి. వంట, కడుక్కోవడం, ఉతుక్కోవడం కలిపితే 15 లీటర్లు కనీసం. నలుగురు ఉన్న ఇంటికి మూడు రోజుల తాగునీరే 36 లీటర్లు. రెండు 20 లీటర్ల క్యాన్లు సరిపోతాయి గాని 20 లీటర్లంటే 20 కిలోలు. పెద్దవాళ్ళున్న ఇంట్లో నాలుగు 10 లీటర్ల క్యాన్లే నయం. అవి దాచుకోవడానికి, తెచ్చుకోవడానికి ఇంకొకటి వేరే ఉండాలి. తెచ్చే క్యాను నేల మీద, వీధి కుళాయి దగ్గర మసులుతుంది కనుక దాచే క్యాను మూతికి దాన్ని తగలనివ్వకూడదు.

అడుగున త్రికోణంలో 2 అని, ఆహారానికి వాడొచ్చని కూడా రాసి ఉన్నది తీసుకోండి. కిరోసిన్, పురుగుమందు, రసాయనాలు పోసిన డబ్బా ఎంత కడిగినా నీటికి పనికిరాదు. ప్లాస్టిక్ వాటిని ఇంకించుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. వెలుతురు దూరితే నాచు పడుతుంది, కాబట్టి ముదురు రంగుది, నీడలో పెట్టేది మేలు. అడుగున కుళాయి బిగించినది దొరికితే చెంబు ముంచే పనే ఉండదు. కుళాయి లేకపోతే వంచి పోసేటప్పుడు మూతి పైవైపు ఉండేలా డబ్బాను పక్కకు పడుకోబెట్టి వంచండి. మూతిని కిందకు పెట్టి వంచితే బుడబుడలే. పైకి ఉంచితే నీటి మీదుగా గాలి లోపలికి పోయి, గ్రూన్‌ఫోగెల్ గొట్టం చేసిన పనే జరుగుతుంది.

సన్నమూతికి ఒక చిక్కుంది, లోపల చేయి పెట్టి తోమలేం. ఇసుక వేసి గిలకరించే అలవాటు చాలామందికి ఉంది. నాకది నచ్చదు, ప్లాస్టిక్ గీతలుపడి మురికికి చోటు దొరుకుతుంది. గుప్పెడు నూకలు, కాసిన్ని నీళ్ళతో గిలకరించి, తర్వాత వాసన కలపని బ్లీచి లీటరుకు ఒక చెంచా వేసిన నీళ్ళతో అంతటా తడిపి, అర నిమిషం ఆగి కడిగితే చాలు. తుపానులో నీటి మీద నమ్మకం లేనప్పుడు అదే బ్లీచి (5 నుంచి 6 శాతం ఘాటుది) లీటరుకు 2 చుక్కలు, అంటే 20 లీటర్ల క్యానుకు దాదాపు 2 మిల్లీలీటర్లు వేసి అరగంట ఆగాలి. నీరు మబ్బుగా ఉంటే గుడ్డలో వడకట్టి, మోతాదు రెట్టింపు చేయాలి. తుపాను హెచ్చరిక వినగానే, కరెంటు ఉండగానే నింపుకోండి. నింపిన తేదీ క్యాను మీద రాసుకుంటే మార్చే వేళ తెలుస్తుంది.

డబ్బా ఎన్నేళ్ళయినా ఉంటుంది గాని మూతలోని రబ్బరు వాషరు ఉండదు. ఎండకు గట్టిపడి, పగిలి, నీరు కారుతుంది. కొట్టువాణ్ణి అడిగితే విడిగా దొరుకుతుంది, కొన్నప్పుడే రెండు అదనంగా తీసుకుని క్యాను పిడికి దారంతో కట్టి ఉంచండి.