సెల్ఫు మోటారు తిరుగనిచో ఇంటివద్దనే చూడదగిన మరమ్మతులు

కాలువకు నీరు వదలిన వారములో ట్రాక్టరు కదలకున్నచో రైతుకు అంతకంటె చికాకు మరొకటి ఉండదు. నారు ముదురుచుండును, దమ్ము చేయవలసిన చేలు మిగిలియుండును, తాళము త్రిప్పిన ఒక్క "టక్" శబ్దము వచ్చి ఊరకుండును. వెంటనే సెల్ఫు మోటారు పోయినదని నిశ్చయించుకొని, దానిని ఊడదీసి, గుణదల మొదలు గన్నవరము వరకుగల ఊళ్లవారు విజయవాడ ఆటోనగరుకు మోసికొనిపోవుదురు. అచ్చట మంచి పనివారు ఉన్నారు, అందు సందేహము లేదు. అయితే ఊడదీసిన మోటారును మాత్రమే వారు చూడగలరు. మీ పాకలో నిలచియున్న ట్రాక్టరు బ్యాటరీని, ఎర్తు తీగను వారు చూడలేరు. దోషము అక్కడనే ఉన్నచో కూలి, రానుపోను ఖర్చు, రెండు దినముల అదను వృథా యగును.

పూర్వము ఇంజనులను హాండిలుతో త్రిప్పెడివారు. హాండిలు వెనుకకు తన్ని చేతులు విరిగెడివి; ఆయిలు ఇంజనులు నడిపిన మన పెద్దలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912లో కాడిలాక్ కార్లకు అమర్చిరి. నేటి మోటారులోను మూలసూత్రము అదే. తాళము త్రిప్పగానే కొద్దిపాటి కరెంటు సాలినాయిడుకు చేరును. అది చిన్న పండ్ల చక్రమును ముందుకు త్రోసి ఫ్లైవీలు రింగుతో కలుపును. అదే సమయమున లోపలి రాగి ముక్కలను కలిపి బ్యాటరీ కరెంటును మోటారుకు వదలును. ఆ కరెంటు వందల ఆంపియర్లు ఉండును. 200 ఆంపియర్లు ప్రవహించుచోట ఓములో నూరవ వంతు అడ్డు ఉన్నను 2 వోల్టులు అక్కడనే హరించిపోవును. తూము నోట గుర్రపుడెక్క పట్టినపుడు కాలువ నిండుగ ఉన్నను చేనికి నీరు అందదు గదా, ఇదియు అట్టిదే.

కనుక స్పానరు పట్టుటకు ముందు లైటు పరీక్ష చేయుడు. గేరు న్యూట్రలులో ఉంచి, బ్రేకు బిగించి, ముందు లైటు వెలిగించి తాళము త్రిప్పుడు. లైటు బాగుగ మసకబారి "టక టక టక" మని వరుస శబ్దము వచ్చినచో బ్యాటరీ నీరసించినది, లేదా టెర్మినళ్లు వదులైనవి. లైటు ఏమాత్రము తగ్గక ఒక్క "టక్" మాత్రమే వినవచ్చినచో సాలినాయిడు రాగి ముక్కలు కాలినవనియో, కార్బన్ బ్రష్షులు అరిగినవనియో అనుమానింపవచ్చును. శబ్దమే లేనిచో తాళపు స్విచ్చి, క్లచ్చి వద్ద నుండు రక్షణ స్విచ్చి, సాలినాయిడుకు పోవు సన్న తీగ చూడవలెను. మోటారు గిర్రున తిరిగి ఇంజను కదలనిచో పండ్ల చక్రములోనో, రింగు పండ్లలోనో దోషమున్నది.

చవుకరకము మల్టీమీటరు ఒకటి ఇంట ఉంచుకొనుట మంచిది. నిలకడగ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగ ఉన్నపుడు సుమారు 12.6 చూపును. 12కు దిగినచో ముందు ఛార్జి చేయించుడు. ఇంజను త్రిప్పునపుడు 9.5 కంటె దిగినచో బ్యాటరీని అనుమానింపుడు. టెర్మినళ్లపై తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నచో తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, గరుకుగ గీకి, బిగించిన పిదప వాజిలిను పూయుడు. ఎర్తు తీగను మొదట విప్పి చివర తగిలింపవలెను; లేనిచో స్పానరు ఇనుమునకు తగిలి నిప్పులు చిమ్మును. బ్యాటరీ దగ్గర బీడీ పనికిరాదు.

మన డెల్టాలో ఎక్కువగ మోసము చేయునది ఎర్తు తీగ. దమ్ములో చిమ్మిన బురద దాని బోల్టు క్రింద చేరి తుప్పుపట్టును. పైకి బిగువుగనే కనబడును. ఒక లావు జంపరు తీగను బ్యాటరీ నెగెటివు నుండి ఇంజను ఇనుమునకు నేరుగ కలిపి తాళము త్రిప్పుడు. మోటారు హుషారుగ తిరిగినచో మీ మరమ్మతు ఒక బోల్టు గీకుటతో ముగిసినది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగ చెప్పవలసియున్నది. క్రింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫు బోల్టులు రెండింటిని కలిపి ట్రాక్టరు స్టార్టు చేయు అలవాటు చాలచోట్ల ఉన్నది. అట్లు చేసినచో న్యూట్రలు, క్లచ్చి రక్షణ స్విచ్చిలు పనిచేయవు. గేరు పడియున్నచో ఇంజను అందుకొన్న క్షణమే బండి కదలును. మీరు నిలచినది పెద్ద చక్రము ముందు. తప్పుకొనుటకు వ్యవధి ఉండదు. ఈ విధముగ మనుష్యులు చనిపోవుచున్నారు. పరీక్షకై కూడ ఈ పని చేయవద్దు. కుర్రవాండ్ర చేత అసలే చేయింపవద్దు.

పై పరీక్షలన్నియు సరిగ ఉన్నపుడే మోటారును దించుడు. ఎర్తు విప్పి, బరువును ఒకరు పట్టుకొనగా బోల్టులు తీయుడు. విప్పకముందే మూతకు, ఒంటికి కలిసివచ్చునట్లు ఒక గీత గీసినచో తిరిగి బిగించుట సులభము. కార్బన్లు కొత్తవాటిలో సగమునకు అరిగినచో, లేదా గూటిలో జారక పట్టుకొన్నచో మార్చుడు. లోపలి నల్లని పొడిని పొడి బ్రష్షుతో దులుపుడు. ఆర్మేచరును డీజిలుతోను కిరోసినుతోను కడుగరాదు. రాగి కమ్యుటేటరును సన్నని ఉప్పుకాగితముతో రుద్దుడు. ఎమెరీ కాగితము వాడవద్దు, దాని పొడి గాళ్లలో నిలిచి కరెంటును దారి తప్పించును. ఇత్తడి బుష్షు మార్చునపుడు కొత్తదానిని ఒక దినము ఇంజను ఆయిలులో నానబెట్టుడు. రోలరు క్లచ్చిగల పండ్ల చక్రమును మాత్రము కిరోసినులో ముంచరాదు, లోపలి గ్రీజు కరగిపోవును.

కాలిన వాసన వచ్చినను, ఆర్మేచరు తీగల అతుకులు కరగియున్నను మీ పని అంతటితో సరి. ఆటోనగరుకు పోవలసినదే. అయితే బ్యాటరీ, ఎర్తు చూచితిమనియు, కార్బన్లు బాగున్నవనియు చెప్పి ఇండు. మార్చిన పాత భాగములను తిరిగి అడిగి తెచ్చుకొనుడు.

తిరిగి బిగించిన పిదప ఒక్క దమ్మున 10 సెకండ్లకు మించి త్రిప్పరాదు; ఇంజను అందుకొననిచో అర నిమిషమైనను ఆగి మరల త్రిప్పుడు. దమ్ము పని ముగిసిన సాయంత్రము మోటారు చుట్టు బురదను తడిగ ఉండగనే తుడిచి, ఎర్తు బోల్టును ఒకసారి చేతితో కదిపి చూచుకొనుడు.