పాలపుంత బాటసారులు

1912వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన విక్టర్ హెస్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హైడ్రోజను నింపిన బెలూను నెక్కి ఐదువేల మీటర్లకు పైగా ఆకాశమున కెగసెను. గాలిలో విద్యుదావేశమును కలిగించు ఒక విధమగు కిరణములు నేలనుండియే వెలువడుచున్నవని అంతవరకు పెక్కుమంది తలచుచుండిరి. అదియే నిజమైనచో పైకి పోయినకొలది వాని తీవ్రత తగ్గవలెను. కాని చాల ఎత్తునకు పోయినపుడు అది తగ్గుటకు మారుగా హెచ్చినది. కావున అవి భూమికి వెలుపలినుండి వచ్చుచున్నవని హెస్ నిశ్చయించెను. వీనికే తరువాత విశ్వకిరణములని పేరు వచ్చినది. ఈ కృషికి 1936లో ఆయన నోబెల్ బహుమానమును పొందెను.

కిరణములని పేరున్నను ఇవి వెలుగురేఖలు కావు. కాంతివేగమునకు దగ్గరి వేగముతో పరుగిడు పరమాణు కేంద్రకములు. వీనిలో నూటికి సుమారు 90 హైడ్రోజను కేంద్రకములు. మిగిలినవానిలో అధికభాగము హీలియం. కార్బను, ఆక్సిజను, ఇనుము మొదలగు బరువైన మూలకముల కేంద్రకములు నూటికి ఒకటి మాత్రమే. పెద్ద నక్షత్రములు ప్రేలినపుడు పుట్టు ఘాతతరంగములే వీనిలో పెక్కింటికి ఇంతటి వేగము నిచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇవి వచ్చిన దిక్కును చూచి పుట్టినచోటును తెలిసికొనరాదా? సాధారణముగా వీలుపడదు. పాలపుంత యంతట అయస్కాంత క్షేత్రములు చిక్కుదారములవలె వ్యాపించియున్నవి. ఆవేశము గల కేంద్రకము వానిలో అడుగడుగునను దారి మళ్లుచు, సంతలో త్రోవ తప్పిన బాలునివలె తిరిగి తిరిగి మనలను చేరును. ఐనను అది నడచిన దారినిగూర్చి తెలిసికొనుటకు మఱియొక ఉపాయము కలదు.

కుమ్మరి బండినిండ కుండలు వేసికొని సంతకు పోవుననుకొందము. చేరిన పిమ్మట బండిలోని పెంకులను చూచినచో దారిలో గతుకులెన్నియో ఊహింపవచ్చును. విశ్వకిరణములలోను ఇట్టి పెంకులున్నవి. లిథియం, బెరిలియం, బోరాన్ అను తేలిక మూలకములు సూర్యకుటుంబములో మిక్కిలి అరుదు. కార్బనుతో పోల్చిచూచినచో విశ్వకిరణములలో ఇవి వేలకొలది రెట్లు అధికముగా నున్నవి. కార్బను, ఆక్సిజను కేంద్రకములు నక్షత్రముల నడుమనున్న పలుచని వాయువును ఢీకొని పగులుటయే ఇందులకు కారణము. ఈ పెంకులను లెక్కింపగా, విశ్వకిరణములు తమ యాత్ర యంతటిలో కొన్ని సెంటీమీటర్ల లోతు నీటిలోనున్నంత పదార్థమును మాత్రమే దాటినవని తేలినది.

దాటిన పదార్థమెంతయో తెలిసినను పట్టిన కాలమెంతయో తెలియలేదు. అది తెలుపునది బెరిలియం. ఒకే మూలకమునకు చెందియు బరువులో భేదించు పరమాణువులను ఐసోటోపులందురు. బెరిలియం కేంద్రకములన్నిటను ప్రోటాన్లు నాలుగే. న్యూట్రాన్లు ఐదున్నచో అది బెరిలియం-9, ఆరున్నచో బెరిలియం-10. మొదటిది స్థిరమైనది. రెండవది కాలము గడచినకొలది కరిగిపోవు పెంకువంటిది. సుమారు 14 లక్షల సంవత్సరములలో దానిలో సగము బోరాన్‌గా మారిపోవును. కావున ఈ రెండింటి నిష్పత్తి గడియారమువలె ఉపయోగపడును.

ఈ రెండింటికిని బరువులో భేదము పదింట ఒక వంతు మాత్రమే. వానిని వేరుపరచుటకు కేంద్రకమును సిలికాన్ పొరలలో జొప్పించి, ప్రతి పొరలోను అది ఎంత శక్తిని కోల్పోవునో కొలుతురు. లేదా అయస్కాంతము నడుమ దాని దారి ఎంత వంగునో, అది ఎంత వేగముగా పోవునో కొలిచి బరువును గణింతురు. 1997లో అమెరికా పంపిన ఏస్ అను వ్యోమనౌక మొదటి పద్ధతిని అనుసరించెను. దాని కొలతలనుబట్టి విశ్వకిరణములు పాలపుంతలో సుమారు కోటి యేబదిలక్షల సంవత్సరములు తిరుగాడునని 2001లో ప్రకటింపబడెను.

ఇక్కడ ఒక వింత తేలినది. అంతకాలము పాలపుంత బిళ్లలోనే తిరిగియుండినచో అవి ఇంతకంటె ఎక్కువ పదార్థమును దాటియుండవలెను. బిళ్లలో ఘనపు సెంటీమీటరునకు సగటున సుమారు ఒక పరమాణువు కలదు. వీనికి ఎదురైనది దానిలో మూడవ వంతు మాత్రమే. అనగా ఇవి బిళ్లకు పైనను క్రిందను గల శూన్యప్రాయమగు ప్రదేశములో చాలకాలము గడపి వచ్చినవి. కంటి కగపడని ఆ ఆవరణము ఉనికిని ఈ పెంకులే సూచించినవి.

ఆ ఆవరణము మందమెంత? పాజిట్రాన్లు అను కణములు ఊహించినదానికంటె అధికముగా వచ్చుచున్నవని పామెలా, ఏఎంఎస్ అను పరికరములు కనుగొన్నవి. అవి కృష్ణపదార్థమునుండి పుట్టినవో, సామాన్య నక్షత్రశేషములనుండి పుట్టినవో తేల్చుటకు ఈ మందము తెలియుట అవసరము. మిక్కిలి వేగముగా పోవు బెరిలియం-10, మన గడియారమునుబట్టి చూచినచో, ఆలస్యముగా క్షయించును. కావున అది దూరపు వార్తలను తేగలదు. అట్టి కేంద్రకములను కొలుచుటకై 2024 మే నెలలో హెలిక్స్ అను పరికరము స్వీడన్ దేశపు ఉత్తరభాగమునుండి ఎగసి కెనడాను చేరెను. హెస్ ఎక్కిన వాహనమువలెనే దానిని మోసినదియు బెలూనే.