శనివారపు కాగితం

పిల్లలూ! మీ తరగతిలో నలభైమంది ఉన్నారనుకుందాం. అందరికీ ఒకే విషయం ఇచ్చి, "ఎవరి సంగతి వారు వ్రాయండి" అంటే ఎన్ని కథలు వస్తాయి? ఒకటా, నలభయ్యా?

నేను కొల్లేటి అంచున ఒక బడిలో పనిచేసే రోజుల్లో ప్రతి సోమవారం నల్లబల్ల మీద ఒక విషయం వ్రాసేవాణ్ణి. పిల్లలు దానిమీద తలా ఒక కాగితం వ్రాసి శనివారం తెచ్చేవారు. ఆఖరు గంటలో అందరం చదువుకొనేవాళ్ళం.

మొదటివారం నేనే పొరపాటు చేశాను. "వేసవి సెలవుల్లో నేను చూసిన ఊరు" అని ఇచ్చాను. శనివారం ఒక కుర్రవాడు తెల్లకాగితం తెచ్చాడు. కోప్పడ్డాను. వాడు తల వంచుకొని, "నేను ఏ ఊరూ వెళ్ళలేదండీ. సెలవులన్నీ మా నాన్నతో చేపల చెరువు మీద కాపలా ఉన్నానండీ" అన్నాడు. నాకు సిగ్గువేసింది. తప్పు వాడిది కాదు, నేను ఇచ్చిన విషయానిది.

మరుసటి సోమవారం "మా ఇంటి ముందరి నీళ్ళు" అని వ్రాశాను. నీళ్ళతో పనిలేని ఇల్లు ఎక్కడుంటుంది?

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరు కొల్లేటిలో చేరుతుంది. దాన్ని సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. వరదనీరు త్వరగా తియ్యకపోతే లంకగ్రామాలకు చిక్కే. ఇది నేను చెప్పిన పాఠం. ఆ కుర్రవాడు వ్రాసింది వేరు. వానాకాలం రాత్రులు వాళ్ళమ్మ లాంతరు పట్టుకొని, ఎన్నో మెట్టు మునిగిందో చూసేదట. రెండో మెట్టు మునిగితే పుస్తకాలు అటక మీదికి, మూడోది మునిగితే మేకపిల్ల దోనెలోకి! వాడు చదువుతూంటే తరగతిలో ఎవరూ కదలలేదు.

ఆ కాగితాలను ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ పనిచేసే నా స్నేహితులకు పంపాను. వారి పిల్లలూ అదే విషయం మీద వ్రాశారు. ఏలూరు పిల్లవాడు, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఇసుకలో తన గ్లాసు దొరికిన సంగతి వ్రాశాడు. గూడెం అమ్మాయి చేతిపంపు దగ్గర బిందెల వరుస గురించి వ్రాసి, చివర మా కుర్రవాడికి ఒక మాట చేర్చింది: "మీ ఇంట్లో నీళ్ళు వాటంతటవే మెట్లెక్కుతాయా? మా ఇంట్లో బిందెతో నేనే ఎక్కించాలి!" వాడు ఆ కాగితాన్ని పదిమందికి చూపించాడు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, ఎక్కువసేపు మాట్లాడలేకపోయేవాడు. అందుకని 1920లలో పిల్లల సొంత కథలను వారిచేతనే చిన్న అచ్చుయంత్రం మీద అచ్చువేయించి, దూరాన సముద్రతీరపు బడికి పంపించాడు. మన దేశంలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు పిల్లలచేతనే రేడియోలో మాట్లాడించారు, పాడించారు. 1945లో "బాల" పత్రికను ప్రారంభించారు. పిల్లలకు చెప్పవలసిన మాట ఉన్నదని వీరందరి నమ్మకం.

మీరూ నలుగురు స్నేహితులు కలిసి మొదలుపెట్టండి. నియమాలు నాలుగే. కళ్ళారా చూసింది వ్రాయాలి. ఒకరు చదువుతూంటే మరొకరు వెక్కిరించరాదు. చదవడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. విన్నవారు "తరువాత ఏమైంది?" అని ఒక్క ప్రశ్నయినా అడగాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. కాగితం చేతికి రాగానే అక్షరదోషాలు వెతకకండి. ముందు సంగతి చదవండి. దోషాలు రేపైనా దిద్దవచ్చు. పిల్లవాడు తెల్లకాగితం తెస్తే, వాడిని కోప్పడకముందు మనం అడిగిన ప్రశ్న సరైనదేనా అని ఆలోచించండి.

సరే, ఈ వారం విషయం: "మా ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు". అది ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో మీ అమ్మమ్మనో, తాతయ్యనో అడగండి. శనివారానికి ఒక్క కాగితం చాలు!